సల్మా వాతల కడ్డీ

మా నర్సింగ్ స్కూలు పాత విద్యార్థినులంతా కలిసి ఒక సంచిక వేస్తున్నారట. "మేడమ్, ఒమాన్‌లో మీరు ఎడారి ఆడవాళ్ళకి ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చారు కదా, కొత్తగా ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకి ఉత్సాహం కలిగేలా రాయండి" అని అడిగారు. ఉత్సాహం కలిగించే సంగతులు నా దగ్గర లేకపోలేదు. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అవే చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టయ్యే సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు పని నేర్పింది అదే కాబట్టి అదే రాస్తాను. ఉత్సాహం కావలసినవాళ్ళు పేజీ తిప్పేయండి, నేనేమీ అనుకోను.

పని ఏమిటంటే

ఎనభైల చివర్లో ఇబ్రా వెళ్ళాను. మాది తెనాలి దగ్గర. ఇక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన అనుభవం ఉంది కాబట్టి అక్కడ నాకు శిక్షణ పని అప్పగించారు. ఇబ్రా దాటి కాస్త దూరం పోతే ఇసుక మొదలవుతుంది. ఆ ఇసుక అంచున ఖర్జూరపు మట్టల పాకలు, మేకలు, ఒంటెలు, పాకకో పికప్ బండి. తరతరాలుగా అక్కడే ఉంటున్న బదూ జనం వాళ్ళు. ఆసుపత్రికి రావడం వాళ్ళకి ఇష్టముండేది కాదు. అందుకని వాళ్ళలోంచే ఆడవాళ్ళని ఎంచుకుని, కొన్ని వారాలు మా ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టి, పిల్లల్ని తూచడం, విరేచనాలైతే ఉప్పు పంచదార నీళ్ళు కలిపి పట్టడం, ఏ జబ్బుకి వెంటనే బండెక్కించి పంపాలో గుర్తుపట్టడం నేర్పేవాళ్ళం. వాళ్ళు వెనక్కి వెళ్ళి తమ వాళ్ళని చూసుకోవాలి. ఉద్యోగం మొత్తం ఇంతే. మిగతాదంతా కాగితాలు.

నాకు అరబ్బీ రాదు. మొదట్లో నా నోరు మల్లేశం. జగిత్యాల వైపు మనిషి, కట్టుబడి పనికి వచ్చి, నడుం పట్టేసి, మా కేంద్రంలో సహాయకుడిగా కుదిరాడు. సైట్లలో తిట్లు తిని నేర్చుకున్న అరబ్బీ అతనిది, ఎవరితోనైనా గలగలా మాట్లాడేసేవాడు. నన్ను సిస్టరమ్మా అనేవాడు. నేనేమో ప్రతిదానికీ అతని మీద విసుక్కునేదాన్ని.

మొదటిసారి పాకల దగ్గరికి వెళ్ళిన రోజు తక్కెడ వేలాడదీసి, ఒక బొద్దు పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టి, "అబ్బ, ఎంత లావున్నాడో! బంతిలా ఉన్నాడు!" అని గట్టిగా అన్నాను. నా మొహంలోని సంబరం చూసి ఏమన్నానో వాళ్ళకి తర్జుమా లేకుండానే అర్థమైపోయింది. తల్లి పిల్లాణ్ణి లాక్కుని చంకనేసుకుంది. మిగతా తల్లులంతా తమ పిల్లల్ని నల్లగుడ్డల కింద దాచేసుకున్నారు.

"గట్ల అనొద్దు సిస్టరమ్మా," అన్నాడు మల్లేశం. "మాషా అల్లా అనకుండ పొగిడితె దిష్టి తగులుతదంటరు."

"మూఢనమ్మకాలు! వీళ్ళు ఎప్పటికి బాగుపడతారో."

"మనకు లేదా ఏంది దిష్టి?"

నోర్ముయ్యమన్నాను. క్వార్టర్స్‌లో మా చంటిదాని బుగ్గ మీద పొద్దున్నే కాటుక చుక్క పెట్టి మరీ బయల్దేరాను నేను. నా ఇంట్లో అది ముచ్చట, వాళ్ళ పాకలో మూఢనమ్మకం! అప్పట్లో నా బుర్ర అలా ఏడ్చింది.

ఆ రోజు పరువు దక్కించింది సల్మా. నలభై దాటిన విధవరాలు. వాళ్ళ ఆడవాళ్ళందరిలాగే నుదురు నుంచి మూతి దాకా నల్లటి గట్టి ముసుగు కట్టుకునేది, కళ్ళు మాత్రం కనపడేవి. పిల్లాణ్ణి తల్లి చేతుల్లోంచి తీసుకుని, మాషా అల్లా అని, ఉత్తుత్తినే ఉమ్మినట్టు చేసి, తనే తక్కెడలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత అందరూ వరసగా ఇచ్చారు. శిక్షణకి ఎవరిని పంపుతారంటే ఆడవాళ్ళంతా ఆమె వైపే చెయ్యి చూపించారు.

సల్మా చదువు

చదువు రాదు. నేర్చుకోవడం కూడా అంత చురుకేం కాదు, చెప్పిందే పదిసార్లు చెప్పించుకునేది. అయినా ఆమె ఉంటే క్లాసు క్లాసులా ఉండేది కాదు, పండగలా ఉండేది. ఉప్పు పంచదార నీళ్ళు కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదని నేర్పాను. పాఠంలో ఉన్నమాటే అది.

"ఎవరి కన్నీళ్ళు సిస్టర్?" అంది సల్మా. "మా వదినవైతే ఉప్పే ఉండదు. అన్నీ దొంగ ఏడుపులు."

ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ వదిన మీద ఆమెకి అంత ప్రేమ మరి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆ వదినకి కొడుకు పుట్టాడు. వాడికి రెండు పళ్ళు వచ్చాయని చెప్పి, వాడి ముద్దుమాటలు చెప్పి, నా పాఠం సగం తినేసేది. నాకు ఆమె అంటే ఇష్టం ఏర్పడింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇష్టం లేకపోవడం వల్ల నేనేమీ అలా చెయ్యలేదు.

ఒకరోజు కేంద్రానికి వచ్చిన పసిపిల్ల పొట్ట మీద కొత్తగా కాల్చిన మచ్చలు కనిపించాయి. నేను కేకలు పెట్టాను. ఏ రాక్షసి చేసింది ఈ పని అన్నాను. మల్లేశం ఆ మాట తర్జుమా చెయ్యకుండా నిలబడ్డాడు.

"నేనే పెట్టాను," అంది సల్మా మామూలుగా, నా వేలు ఆ మచ్చల మీద ఉండడం చూసి. "కడుపు ఉబ్బింది. వాత పెట్టి, సిస్టర్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. తీసుకొచ్చారు కదా?"

వాళ్ళ పాకల్లో వాతలు పెట్టేది ఆమేనని అప్పుడు తెలిసింది. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిన విద్య. చిటికెన వేలంత ఇనుప కడ్డీ, చెక్క పిడి. జబ్బు చేస్తే జనం ముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు, ఆమె వాత పెట్టి మా దగ్గరికి పంపేది. అలా పంపడం వల్లే మా కేంద్రం ముందు ఆ పికప్ బండ్లు ఆగుతున్నాయి. ఈ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. కాలిన మచ్చలు మాత్రమే కనపడ్డాయి. అవి తప్పే, పసిపిల్లల్ని కాల్చకూడదు, ఆ మాట ఇప్పటికీ అంటాను.

ఒక ఉపాయం

మా పెద్ద డాక్టరుగారు హైదరాబాదు మనిషి. చేతివాసి మంచిది, రోగులతో మాట మెత్తన. ఒకటే బలహీనత, సభలంటే పడిచచ్చేవారు. శిక్షణ పూర్తయినవాళ్ళకి సర్టిఫికెట్లు ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు. సల్మా సంగతి విని ఆయన గాభరా పడ్డారు.

"సిస్టర్‌గారూ, వాతలు పెట్టే ఆవిడకి మనం సర్టిఫికెట్ ఇచ్చామని తెలిస్తే బాగోదండీ. ముందు మానిపించండి."

ఆయన అడిగింది అంతే, మానిపించమని. మానేసిందని పెద్దలకి కనపడాలనీ, ఆ కడ్డీని వేదిక మీద ఆమె చేతే ఇప్పిద్దామనీ చెప్పింది నేను. ఆ ఉపాయం నాదే. "ఎంత బావుంటుంది సార్, ఒక చేత్తో కడ్డీ ఇచ్చి ఇంకో చేత్తో సర్టిఫికెట్ తీసుకుంటుంది" అన్నాను. ఆయన మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, నా మొహం మండా!

సల్మా ఒప్పుకోలేదు. "పిల్లలకి పెట్టవద్దంటే పెట్టను. కడ్డీ నా పెట్టెలో పడుంటుంది. మావాళ్ళకి నేను మెల్లిగా చెప్పుకుంటాను. జనం ముందు ఇవ్వడం ఎందుకు? అది మా అమ్మది."

మెల్లిగా అంటే ఎప్పటికి, పెద్దలు వచ్చే వారానికి కుదరదు కదా. నేను బతిమాలాను, కసిరాను. చివరికి ఆమె అడిగింది.

"మీ ఊళ్ళో వాతలు పెట్టరా?"

"పెట్టరు," అన్నాను. "మాకు ఇలాంటివి తెలియవు."

అప్పటికి ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చింది. గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న మల్లేశం తలెత్తి తెలుగులో అన్నాడు.

"గదేంది సిస్టరమ్మా, మనూర్ల వెట్టరా? నాకు బొడ్డు సుట్టూత ఉన్నయ్. మా అవ్వ వెట్టింది."

"నువ్వు నోరు మూసుకో. ఆ మాట అరబ్బీలో అన్నావంటే ఊరుకోను."

"నేనెందుకంటనమ్మా. మీ ఇష్టం," అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

నా తెల్లకోటు కింద, చీర కింద, నా బొడ్డు చుట్టూ ఉన్నాయి చురకలు. నెలల పిల్లప్పుడు నాకు కడుపుబ్బరం వస్తే మా నాయనమ్మ పసుపుకొమ్ము కాల్చి పెట్టింది. మా వీధిలో నా ఈడు పిల్లల్లో చాలామందికి పెట్టింది ఆవిడే. నర్సింగ్ హాస్టల్లో బొంబాయి అమ్మాయిలు చూసి నవ్వినప్పటి నుంచి వాటిని దాచుకోవడం అలవాటైంది. స్నానానికి కూడా అందరికన్నా ముందు వెళ్ళేదాన్ని. పరాయి దేశంలో తెల్లకోటు వేసుకుని నిలబడ్డాక ఇక వాటి సంగతి నాకే గుర్తులేనంతగా గొప్పలు పోయాను.



"అయితే మేమే మిగిలామన్నమాట, లోకంలో," అంది సల్మా. "సరే. ఇస్తాను."

ఆమె సిగ్గుపడి ఒప్పుకుంది. ఆ సిగ్గు నేను అబద్ధమాడి ఆమెకి అంటగట్టింది.

వేదిక మీద

ఎర్రగుడ్డ పరిచిన పళ్ళెం నేనే పట్టుకున్నాను. ముందు వరసలో పెద్దలు, వెనక సల్మా పాకల ఆడవాళ్ళు, బయట పికప్‌కి ఆనుకుని ఆమె అన్న. పేరు పిలవగానే సల్మా వచ్చి, కడ్డీని పళ్ళెంలో పెట్టింది. సర్టిఫికెట్ తీసుకుని, నా వంక చూడకుండా దిగిపోయింది. డాక్టరుగారు మైకులో, ఈ రోజుతో ఇక్కడ అజ్ఞానం అంతమైందన్నారు. చప్పట్లు మోగిపోయాయి. ముందు వరస మాత్రమే కొట్టిందని తర్వాత మల్లేశం చెప్పాడు. "ఎనకున్నోల్లు తలకాయలు వంచుకున్నరమ్మా," అన్నాడు.

కడ్డీని డాక్టరుగారి గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేనూ చూపించాను.

ఆ తర్వాత ఆ వైపు నుంచి పికప్‌లు రావడం తగ్గింది. సల్మా వారం వారం వచ్చేది. ఎవరినైనా చూశావా అంటే లేదనేది. జబ్బులు తగ్గాయేమోనని నేను సంతోషించాను కూడా. అసలు సంగతి ఏమిటంటే ఆమెని ఎవరూ పిలవడం లేదు. తన తల్లి చేసిన పని తప్పని పరాయివాళ్ళ ముందు ఒప్పుకుని వచ్చిన మనిషిని పిల్లల్ని చూడమని ఎలా పిలుస్తారు? ఇసుకలోపల ఎక్కడో ఒక ముసలాయన ఉన్నాడట, వాతలు పెట్టేవాడు. అందరూ అక్కడికి వెళ్తున్నారు. ఆయన ఆసుపత్రికి పంపే మనిషి కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పికప్ ఒకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సల్మా వదిన దిగింది, చేతుల్లో కొడుకు. కళ్ళు లోపలికి పోయి, పెదవులు ఎండి, చర్మం పట్టి లాగితే అలాగే నిలబడిపోయేలా ఉన్నాడు. విరేచనాలు. పొట్ట మీద కొత్త వాతలు. సల్మా పాక ముందు నుంచే బండి పోనిచ్చి, ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ ఉంచేసి, ఇక లాభం లేదనుకున్నాక మా దగ్గరికి తెచ్చారు. డాక్టరుగారు సెలైన్ ఎక్కించడానికి నరం కోసం తల మీద, చేతుల మీద, కాళ్ళ మీద వెతికారు. చొక్కా తడిసిపోయింది ఆయనకి. పిల్లాడి తల నేను పట్టుకున్నాను. వాడు నా చేతుల్లోనే పోయాడు.

వెనక బండిలో సల్మా వచ్చింది. ఎవరో చెబితే పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి వదినని అడిగింది.

"ఎన్నిసార్లు వెళ్ళాడు? నీళ్ళు పట్టావా? ఏడిస్తే కన్నీళ్ళు వచ్చాయా?"

నేను నేర్పిన ప్రశ్నలు, నేను నేర్పిన వరసలో అడిగింది. వదిన తల తిప్పుకుంది. పంచదార, ఉప్పు సల్మా పాకలో ఎప్పుడూ ఉండేవి. మల్లేశం కళ్ళు తుడుచుకుంటూ పిల్లాడి మీద తెల్లగుడ్డ కప్పాడు.

కొత్తవాళ్ళకి

మీకు నేను చెప్పగలిగింది కాస్తే. ఒక ఊరికి ఆరోగ్యం నేర్పాలంటే ఆ ఊరివాళ్ళు నమ్మిన మనిషి కావాలి. ఆ నమ్మకం మీరు ఇచ్చింది కాదు. మీరు రాకముందు ఆ మనిషి ఎన్నో ఏళ్ళు ఎవరి పిల్లల దగ్గరో మేలుకుని సంపాదించుకున్నది. అందులో మీకు నచ్చని పనులు కూడా కలిసి ఉంటాయి. మాన్పించండి, తప్పకుండా మాన్పించండి. గదిలో కూర్చుని మాట్లాడి మాన్పించండి. ఆమె మెల్లిగా అంటే మెల్లిగానే. వేదికలు ఎక్కించవద్దు. మీ పైఅధికారికి సభ సరదా ఉంటే ఆయనకే శాలువా కప్పండి, ఆయన సంతోషపడతాడు.

డాక్టరుగారిని నేను నిందించను. ఆ సాయంత్రమే ఆయన కడ్డీని బీరువాలోంచి తీసి సొరుగులో పెట్టేశారు. చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు ఆయన. నేను తిన్నాను. పనిచేశాను. తర్వాతి శిక్షణ క్లాసులు కూడా నడిపాను. పై నుంచి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

ఆడవాళ్ళ సంత

తొంభైల్లో ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ళ సంత జరిగేది. అమ్మేదీ కొనేదీ ఆడవాళ్ళే, మగవాళ్ళకి ప్రవేశం లేదు. సల్మా మా దగ్గరికి రావడం మానేసి, ఒంటెలకి కట్టే ఉన్ని పట్టీలు నేసి అక్కడ అమ్ముకుంటోందని తెలిసింది. డాక్టరుగారిని కడ్డీ అడిగాను. ఎందుకని కూడా అడగకుండా ఇచ్చేశారు. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాను.

సల్మా నన్ను చూసి పక్కకి జరిగి చాప మీద చోటిచ్చింది. మనిషి చిక్కిపోయింది. తువ్వాలు విప్పి ఆమె ముందు పెట్టాను.

"ఇది నీది."

చూసింది, ముట్టుకోలేదు.

"ఇప్పుడు నాకెందుకు? పిల్లలకి పెట్టనని నీకు మాటిచ్చాను. మాటివ్వకపోయినా, నన్ను పిలిచేవాళ్ళు లేరు."

"సల్మా, నీకు అబద్ధం చెప్పాను," అన్నాను. "మా ఊళ్ళో పెట్టరన్నాను చూడు, అది అబద్ధం."

చుట్టూ ఆడవాళ్ళే కదా. కొంగు పక్కకి లాగి పొట్ట చూపించాను. హాస్టల్ రోజుల తర్వాత కట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ చూపించని మచ్చలవి. సల్మా వంగి, వేలితో ఒక్కొక్కటే తడిమింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను.

"ఇనుము కాదే ఇది," అంది.

"పసుపుకొమ్ము."

"ఎవరు పెట్టారు?"

"మా నాయనమ్మ. ఊళ్ళో అందరికీ ఆవిడే పెట్టేది."

"ఇప్పుడూ పెడుతుందా?"

"పోయింది. మా ఊరికి ఆసుపత్రి వచ్చాక ఆవిడే మెల్లిగా మానేసింది. పిల్లల్ని తీసుకొస్తే ముందు నర్సమ్మ దగ్గరికి పదండి అని తనే వెంటబెట్టుకుని వెళ్ళేది."

"మానెయ్యమని ఎవరూ అనలేదా?"

"లేదు."

"జనం ముందు ఆమె చేతిలోంచి ఎవరూ తీసుకోలేదా?"

"లేదు," అన్నాను. "పోయేదాకా ఆవిడ మాటంటే అందరికీ గౌరవమే."

సల్మా నా కొంగు తీసి తనే నా పొట్ట మీద కప్పింది. ఎవరో ఆడమనిషి వచ్చి పట్టీ బేరం అడుగుతోంది. ఆమె వైపు తిరిగేముందు నాతో ఒకటే మాట అంది.

"మీ ఊరివాళ్ళు మంచివాళ్ళు, సిస్టర్."